బోర్లా పండిన మనిషి

నేను పోయేటాల్లకు సీఐ హనుమంతు దవాఖాన నర్సుల గదిల కుర్చేసుకొని కూసొని చాయ తాగుతుండు. ఎదురుంగ నర్సు జేబా నిలబడ్డది. నిలబడ్డదంటె ఎనక గోడ ఉన్నది కాబట్టి నిలబడ్డది.

"ఏం ఎస్తేరమ్మా, గింత జల్ది ఎట్ల వాసన పట్టినవ్?" అన్నడు, గిలాస మూతికాడికెల్లి దించకుంటనే.

"వాసన గాదు సారూ. ఈ పిల్ల నాయిన అబ్దుల్ ఖాదర్ పొద్దుగాలనే మా గడప మీద కూసున్నడు. బిడ్డకు బేడీలేస్తరట, ఎందుకో అడిగి రమ్మన్నడు. అందుకే అడుగుతున్న. ఎందుకు?"

"మనిషిని సంపింది గనుక."

జేబా ఎక్కిళ్లు పెట్టింది. గా పిల్లకు ఇరవై నాలుగేండ్లు కూడ ఉండయ్. రాత్రంత డ్యూటీ చేసిన మొకం, కండ్లు ఎర్రగున్నయ్.

నా సంగతి జర చెప్పాలె. పద్దెనిమిదేండ్లు పోలీసుల చేసి హెడ్ కానిస్టేబుల్ దాక వచ్చిన. ఆఖరుకు ఈ హనుమంతు కిందనే. ఒకనాడు ఆయన ఒక అమాయకుని మీద దొంగ వాంగ్మూలం రాయమన్నడు, నేను రాయనన్న. మాటకు మాట పెరిగింది. తెల్లారి టోపీ బల్ల మీద పెట్టి బయటికొచ్చి, నల్గొండ క్లాక్‌టవర్ కాడ ఒక గది కిరాయికి తీస్కొని డిటెక్టివ్ అని బోర్డు కట్టిన. నా నోరు మంచిది గాదంటరు. నిజమే, గని చెవులు మంచియి.

కేసు ఏందంటె గిది. నాలుగు రోజుల కింద రామన్నపేట దిక్కు గుట్టకిందిగూడెం అవతల పాత రాళ్ల గుంతల ఎవలో ట్యాంకరు తెచ్చి మందుల కంపెనీ తేజాబు నీళ్లు, అదే యాసిడ్, పారబోసిండ్రు. పొగ లేచింది. తెల్లారేటాల్లకు గుంత ఒడ్డున ఇద్దరు పడి దొరికిండ్రు. ఒకాయన గుట్టకిందిగూడెం గొర్లకాపరి కురుమయ్య. ఇంకోడు ఎవడో తెల్వది, ట్యాంకరు మీద పనిచేసేటోడై ఉంటడని పోలీసుల లెక్క. ట్యాంకరు మాయం. ఇద్దరి మొకాలు ఉడికి, బూరెల లెక్క ఉబ్బినయ్. కురుమయ్యకు ఊపిరితిత్తుల నీళ్లు నిండితె ఐసీయూల నాలుగో మంచం మీద పండబెట్టి, నోట్ల పైపేసి మిషన్ పెట్టిండ్రు. ఇంకోనికి గంత ముదరలేదు. కింద జనరల్ వార్డుల ఆక్సిజన్ పెట్టుకొని పండిండు, గని గొంతు కాలి మాట వస్తలేదు, చేతులకు కట్లు.

ట్యాంకరును సూసినోడు కురుమయ్య ఒక్కడే. నిన్న మాపటికి ఆయనకు ఊపిరి ఆడి దమ్ము కుదుటపడ్డది, రేపటిసంది మత్తు తగ్గిస్తమన్నడు డాక్టరు. గా మాటను మన హనుమంతు సారు తీస్కపోయి టీవీ మైకుల ముంగట పెట్టిండు. "రేపు సాక్షి లేస్తడు, దొంగలు దొరుకుతరు" అని మీసం దువ్విండు. తెల్లారింది, సాక్షి సచ్చిపోయిండు.

"డాక్టరే చెప్పిండు, ఊపిరితిత్తి పల్గింది," అన్నడు హనుమంతు. "ఈమె డ్యూటీ. తిప్పేటప్పుడో, పైపు సదిరేటప్పుడో ఏదో చేసింది. కురుమయ్య పెండ్లాం ఊరికెల్లి వస్తాంది. ఆమె వచ్చి శవాన్ని గుర్తుపడితె పంచనామా అయితది. పంచనామా అయినంక ఈ పిల్లను తీస్కపోత. గప్పటిదాక నీ ఇష్టం, అడుక్కో."

"సాక్షి సస్తె లాభం ఎవలికి సారూ, ఈ పిల్లకా?"

"లాభం కోసం సంపిందని నేనన్ననా? నిర్లక్ష్యం అన్న."

చాయ అయిపోగొట్టి బయటికి పోయిండు.

నేను తలుపు దగ్గరేసి జేబాను కుర్చీల కూసోబెట్టిన.

"ఏడ్సుడు అయినంక మాట్లాడుదమా, మాట్లాడినంక ఏడుస్తవా?"

చున్నీతోని మొకం తుడుసుకున్నది. "అడుగు అక్కా."

"పొద్దుగాల కురుమయ్య ఎట్ల పండి ఉండె?"

"బోర్లా. రాత్రి సంది బోర్లానే."

"అదేం పండుడు, రోగమొచ్చినోడు?"

"ఈ జబ్బుకు గట్లనే పండబెట్టాలె అక్కా. ఎల్లకిల పండితె ఈపు దిక్కున్న ఊపిరితిత్తి బరువుకు మూసుకపోతది, గాలి పోదు. బోర్లా ఏస్తె అది తెర్సుకుంటది. రోజుల పదహారు గంటలు బోర్లా, మిగిలింది ఎల్లకిల. మత్తుల ఉంటరు కాబట్టి వాళ్లకు తెల్వదు. నలుగురం పట్టి తిప్పుతం, తలకాడ పైపు డాక్టరు సారే పట్టుకుంటరు. నిన్నటికి మంచిగైండు, ఇదే ఆఖరుసారి తిప్పుడు అన్నరు."

"పొద్దుగాల పైపు నువ్వు ముట్టినవా?"

"అల్లా కసం, ముట్టలే."

"మరి మనిషి కొట్టుకునేటప్పుడు నువ్వు యాడున్నవ్?"

"ఐసీయూలనే."

"ఐసీయూ పెద్దగున్నది బిడ్డా. నాలుగో మంచం కాడనా?"

పెదువు కొరుక్కుంటాంది. నాకు కోపమొచ్చింది.

"సూడు జేబా. పోలీసోల్లకు అబద్ధం చెప్తె అర్థమైతది. నీ తరఫున వచ్చినదానికి అబద్ధం చెప్తె నువ్వే పోతవ్. మీ అబ్బా నా గడప మీద కూసొని టోపీ చేతుల పట్టుకొని ఏడ్సిండు. గా ముసలాయనకు నేనేం చెప్పాలె?"

గప్పుడు బయటపడ్డది.

"ఒకటో మంచం ముసలామెకు గుండె ఆగింది అక్కా. అందరం ఆమె మీద పడ్డం. గప్పుడే ఒకాయన వచ్చిండు. గౌను, టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు. 'మిషన్ చెకింగుకు వచ్చిన, కురుమయ్య మంచం ఏది' అన్నడు. నేను సక్కగ మొకం కూడ సూడలే. ఇట్ల చెయ్యి సూపిచ్చిన. మేం ముసలామె గుండె ఒత్తుతనే ఉన్నం. మళ్ల నాలుగో మంచం కాడికి వచ్చేటాల్లకు ఆయన లేడు, పేషెంటు నల్లగైపోయిండు."

"సీఐకి ఎందుకు చెప్పలే?"

"ఎవలో తెల్వనోన్ని నేనే లోపటికి తోలిన అని ఎట్ల చెప్పాలె? నౌకరి పోతది. అబ్బా కుట్టుమిషన్ మీద రాత్రిళ్లు కూసొని సదివిచ్చిండు." మళ్ల ఏడుపు. "చెయ్యి సూపిచ్చింది నేనే అక్కా. నేనే సూపిచ్చిన."

"ముసలామె బతికిందా?"

"బతికింది."

"అయితె నీ పని నువ్వు చేసినవ్. ఇంకోటి ఇను. కంపెనీ మెకానిక్కు వస్తె మంచం నంబరో, మిషన్ నంబరో అడుగుతడు. పేషెంటు పేరుతోని వానికేం పని? పేరు అడిగిండంటె వాడు మిషన్ కోసం రాలే, మనిషి కోసం వచ్చిండు."

జేబా నోరు తెర్సి సూసింది. నేను లేసిన.

ఐసీయూ తలుపు కాడ అందరు చెప్పులు ఇడిసి, ఆడ పెట్టిన నీలం రబ్బరు చెప్పులు తొడుక్కొని పోవాలె. ఆ నీలం వాటి మీద తెల్ల రంగుతోని 'ఐసీయూ' అని రాసిండ్రు, ఎవలూ ఇంటికి తీస్కపోకుండ. ఊడ్సే బిక్షమ్మ వాటిని వరస పెడుతుంటె, పక్కకు ఒక తోలు చెప్పుల జోడు కనబడ్డది. మగోనియి.

"గివి ఎవలియి బిక్షమ్మా?"

"ఏమెరుకనమ్మా? నేను డ్యూటీకి వచ్చిన కాడికెల్లి గీడనే ఉన్నయ్. నీలం జోడు ఒకటి తక్కువున్నది. మళ్ల నేనే ఎత్కపోయిన అంటరు, గీ బతుకు బతకలేక సస్తున్న."

కుడికాలి చెప్పు ఎత్తి సూసిన. ముందటి అంచు తిన్నట్టున్నది, పసుప్పచ్చగ మాడింది. వాసన సూస్తె బ్యాటరీ నీళ్ల లెక్క ముక్కుకు గుచ్చింది. తేజాబుల నడిచిన చెప్పు. వచ్చినోడు పద్ధతిగ చెప్పులు ఇడిసి, పద్ధతిగ నీలం జోడు తొడుక్కొని, పని చేసుకొని, భయానికి ఆ జోడు తోనే ఉరికిండు. మనోళ్లకు చిన్నప్పటిసంది అలవాటు మరి. దొంగతనానికి పోయినా గడప కాడ చెప్పులు ఇడుస్తరు. వాటిని ఒక సంచిల ఏసుకున్న.

లోపట డాక్టరు ప్రేమ్‌సాగర్ నాలుగో మంచం కాడ నిలబడ్డడు. మంచం ఖాళీ. నాలుగు రోజులు ఈ పేషెంటు కోసం ఇంటికి పోలేదట. గడ్డం పెరిగింది.

"సీఐకి చెప్పిన గదండీ అంత," అన్నడు ఇసుక్కొని.

"నాకు చెప్పలే గదా సారూ. నేను ఇంటర్ ఫెయిలు. నాకు అర్థమైనట్టు చెప్తె కోర్టుల జడ్జికి కూడ అర్థమైతది."

జర నవ్విండు. మనిషి మంచోడే.

"ఈ జబ్బుల ఊపిరితిత్తులు వాచి నీళ్లు నిండుతయ్. గాలి పోయే జాగ శానా తక్కువ మిగులుతది. పెద్ద మనిషికి చిన్న పిల్లగాని ఊపిరితిత్తి ఉన్నట్టు అనుకోండి. అండ్ల మామూలుగ కొట్టినంత గాలి కొడితె పండుగకు అమ్మే గాలిబుగ్గ లెక్క పల్గుతది. అందుకే మిషన్ తోని తక్కువ తక్కువ గాలి, ఎక్కువసార్లు ఇస్తం. ఆడికే సగం పానాలు నిలబడతయ్."

"తక్కువంటె ఎంతని ఎట్ల ఎరుక? బరువు సూసా?"

"ఎత్తు సూసి. మనిషి లావైతె పొట్ట పెరుగుతది గని ఊపిరితిత్తి పెరగదు. వచ్చిననాడే నేనే టేపు పట్టి కొలిచిన. మడిమ కాడికెల్లి నెత్తి దాక ఐదడుగుల ఏడంగుళాలు. గా లెక్కన దమ్ముకు నాలుగొందల మిల్లీలీటర్లు పెట్టిన. పొద్దుగాల ఉరికొచ్చి సూస్తె కూడ నాలుగొందలే ఉన్నది. గొంతు కాడ ఒత్తితె చర్మం కింద పేలాలు నలిగినట్టు చిటచిట అన్నది. ఊపిరితిత్తి పల్గి గాలి బయట పడ్డది. ఛాతిల సూది గుచ్చిన, సుయ్యిమన్నది. గని లేటైంది." కండ్లు తిప్పుకున్నడు. "నిన్న మంచిగున్నడండి. ఇంకొక్క వారం అయితె బయటపడేటోడు."

"ఎవడన్న వచ్చి గాలి పెంచి, పనైనంక మళ్ల నాలుగొందలకు దించిపోతె?"

"పెంచితె మిషన్ ఊకోదు. ఒత్తిడి నలభై దాటితె గంట కొడ్తది, ఆ దమ్మును ఆడికాడికే ఆపేస్తది. గంట ఎవలూ ఇన్లేదు."

"గా నలభై మార్సరాదా?"

"మార్సొచ్చు. గని ఎవరు..."

"యాడుంటది, జర సూపియ్యి."

మిషన్ ఇంక అట్లనే ఉన్నది, పోలీసోల్లు ముట్టొద్దన్నరని తీయలే. డాక్టరు తెర మీద రెండుసార్లు ఒత్తిండు. ఏలు ఆడనే ఆగింది.

"ఎనభై," అన్నడు. "ఎనభై మీద ఉన్నది. నేను రాత్రి పదింటికి సూసినప్పుడు నలభై."

"అంటె ముందుగాల గంట గొంతు పిసికిండు, తర్వాత గాలి పెంచిండు. పోయేటప్పుడు గాలి దించిండు గని గంటను మర్సిపోయిండు. గీ పనికి డాక్టరే కావాలెనా?"

"అవసరం లేదు. కరోన టైంల అంబులెన్సులల్ల మిషన్లు పెట్టి తిప్పినోళ్లందరికి గీ మాత్రం ఎరుకే."

బయట వరండాల హనుమంతును పట్టుకొని అంత చెప్పిన. మెకానిక్కు, చెప్పులు, ఎనభై. ఇన్నడు. ఇని చెయ్యి ఊపిండు.

"గంట మోత పడలేక నర్సే ఎనభైకి పెంచుకున్నది. రాత్రి డ్యూటీల గిది మామూలే."

"మోత ఆపనీకె వేరే బటన్ ఉన్నది సారూ, రెండు నిమిషాలు ఊకుంటది. నర్సులకు గదే అలవాటు. లెక్క మార్సుడు వాళ్ల పని గాదు."

"మరి గౌనేసుకున్న మెకానిక్కును ఎవలు సూసిండ్రు? నీ నర్సు. ముందుగాల చెప్పనిది, నువ్వు పోయి కూసున్నంక ఎట్ల యాదికొచ్చింది? నువ్వు సదివిచ్చినట్టున్నవ్."

"దొంగ వాంగ్మూలాలు సదివిచ్చే అలవాటు నాకు లేదు సారూ. అది ఎవలికి ఉన్నదో మన ఇద్దరికి ఎరుకే."

మొకం ఎర్రగైంది. ఏదో అనబోయిండు, ఫోను మోగింది.

"ఆ... ఎవరు? నకిరేకల్ గోపయ్యనా? కరోనల అంబులెన్సులు నడిపినాయనే గద, ఎరుకే, ఇప్పుడు ట్యాంకర్లు తిప్పుతుండు... ఏందట? వార్డుల ఉన్న తెల్వని మనిషి ఆయన తమ్ముడట? లింగస్వామి? ... ఎవలిదో ట్యాంకరు మీద కూలికి పోయిండంటనా. సరె, నేనొచ్చి మాట్లాడుత. హైదరాబాదు తీస్కపోతనంటె సంతకం పెట్టిచ్చుకో." ఫోను జేబుల ఏసుకున్నడు. "సూసినవా, ఒక మనిషికి దిక్కు దొరికింది. నువ్వు లొల్లి పెట్టే పనిల ఉండు, మేం పని చేసే పనిల ఉంటం."

గప్పుడే నాకు గంట కొట్టాలె. కొట్టలే. కోపంల ఉన్న. కోపం చెవులను కూడ మూస్తది. ఇంతలకే మెట్ల మీదికెల్లి నాగులమ్మ వచ్చింది.

కురుమయ్య పెండ్లాం. బక్కపల్సని మనిషి, నెత్తి నెరిసింది. ఊరోడు ఒకడు తోడొచ్చి మెట్ల కాడ దించిపోయిండు. ఆమె ఏడ్సుడు లేదు. ఏడ్సి ఏడ్సి అయిపోయినట్టున్నది. హనుమంతు శవాల గది దిక్కు నడుమంటె, "జర ఆగు సారూ, ఒక్క గుక్క నీళ్లు తాగనీ ఆమెను," అని బెంచి మీద కూసోబెట్టిన. నీళ్ల సీస ఇచ్చిన.

"నాలుగు దినాలల్ల ఆయన్ను సూసినవా నాగులమ్మా?"

"అద్దంలకెల్లి సూపిచ్చిండ్రు బిడ్డా, రెండుసార్లు. లోపటికి రానియ్యరు గద." సీస మూత పెట్టి చేతులల్ల తిప్పుకుంటాంది. "సూసి సంబురపడ్డ. కండ్ల నీళ్లొచ్చినయ్."

"సంబురమా?"

"నడుము సక్కజేసిండ్రు గద నా మనిషికి! ఇరవై ఏండ్ల సంది వంగిన నడుము. ఊరి బోరు నీళ్లు తాగి మా తరమోళ్లవి అందరివి వంగినయ్ గని, ఆయనది మరీ విల్లు లెక్క వంగింది. నిలబడితె నా బుజాల కాడికి వస్తడు. బోర్లా పండుడు లేదు, ఎల్లకిల పండుడు లేదు, ఎప్పుడు జూసినా ఒక పక్కకే. గసొంటోడు అద్దంల జూస్తె బోర్లా, ఈతసాప పర్సినట్టు సక్కగ పండిండు. గింత పెద్ద దవాఖాన, గంత పెద్ద మిషను, పైసలు గూడ సర్కారే కట్టబట్టె. దమ్ముతోని పాటు నడుము గూడ దించిండ్రు అనుకున్న. ఇంటికి పోయినంక బాజాప్త తల ఎత్తి నడుస్తడు, గొర్లను దూరంకెల్లి సూస్తడు అనుకున్న. సచ్చిపోయిండంటిరి. సక్కగైన నడుముతోని ఒక్కనాడు నడ్సలే బిడ్డా."

నాకు మా అవ్వ యాదికొచ్చింది.

మా అవ్వది కూడ గదే నడుము. ఫ్లోరైడు నీళ్లు బొక్కలల్ల కూసొని ఎన్ను మొత్తం ఒక్క కట్టె చేస్తది. వంగినకాడికి వంగుడే, మళ్ల దిగదు. మా అవ్వ సచ్చిపోయినంక కూడ దిగలే. పెట్టెల ఎల్లకిల పట్టకపోతె పక్కకు పండబెట్టి బొందల దించినం. మిషన్ గాదు, దేవుడు దిగొచ్చినా గా నడుము సక్కగ గాదు.

"నాగులమ్మా, నువ్వు ఈడనే కూసో. లేవకు." నేను ఐసీయూలకు ఉరికిన, ఎనకకెల్లి హనుమంతు తిట్టుకుంట వచ్చిండు.

"డాక్టర్ సారూ! నాలుగో మంచం ఆయన ఛాతి ఎక్స్‌రే తియ్యి. ఊపిరితిత్తులు ఇడిసిపెట్టు, బొక్కలు సూడు."

ప్రేమ్‌సాగర్ కంప్యూటర్ల తెరిసిండు. "బొక్కలకేమైంది? మంచిగున్నయ్."

"ఫ్లోరైడు బొక్కలు ఎట్లుంటయ్?"

"సుద్దముక్క లెక్క తెల్లగ, చిక్కగ. ఎన్నుపూస మొత్తం అతుక్కపోయి... నల్గొండల పనిచేసే డాక్టరును నన్ను అడుగుతున్నరా?" అని, గప్పుడు ఆగిండు. "ఎందుకు?"

"ఎందుకంటె కురుమయ్య ఇరవై ఏండ్ల సంది విల్లు లెక్క వంగిన మనిషి. నువ్వు టేపు పట్టి ఐదడుగుల ఏడంగుళాలు కొలిచినవ్. రోజుకు పదహారు గంటలు బోర్లా పండబెట్టినవ్. సారూ, గా మంచం మీద ఉన్నది కురుమయ్య గాదు."

హనుమంతు తెర దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు. "ఏం మాట్లాడుతున్నవ్? కురుమయ్య గొంగడి కప్పుకొని దొరికిండు. అంచు సూసి గుర్తుపట్టిండ్రు."

"ఎవలు గుర్తుపట్టిండ్రు?"

"రోడ్డు మీద చాయ హోటలోడు. మూతికి గుడ్డ కట్టుకొని దూరంకెల్లి... 108 ల గదే పేరు రాసిండ్రు."

"గొంగడిని గుర్తుపట్టిండ్రు, మనిషిని గాదు. ఎవడో పొగల పడ్డడు. గొర్లకాపరి ఉరికి, గొంగడి తడిపి వానికి కప్పి, ఒడ్డుకు గుంజి, తను పక్కన పడ్డడు. గంతే జరిగింది. గొంగడి ఉన్నోడు కురుమయ్య అయిండు, గొంగడి లేనోడు తెల్వని మనిషి అయిండు."

డాక్టరు కుర్చీల కూలబడ్డడు. "కింద వార్డుల పేషెంటు పక్కకే పండుతడండి. ఎల్లకిల తిప్పితె మూలుగుతడు. వంగిన నడుము. ఈ జిల్లాల గది మామూలే గద అని..."

గప్పుడు కొట్టింది నాకు గంట.

"హనుమంతు! నీ ఫోను. గోపయ్య!"

ఆయనకు ఒక్క నిమిషం పట్టలే. తిక్కల మనిషే గని తెలివిలేనోడు గాదు. ట్యాంకర్లోడు. మిషన్లు ఎరుకైనోడు. తెల్వని మనిషి తన తమ్ముడే అనుకొని, సాక్షి పోయిండు, ఇగ తమ్ముణ్ణి నోరు రాకముందే తీస్కపోదామని వచ్చినోడు. ఇద్దరం మెట్లు దిగుతనే ఉన్నం. నాకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగుడు నా వల్ల గాదు. గానాడు దిగిన.

వార్డు ఆఖరుకు, కిటికి కాడ మంచం. కానిస్టేబుల్ సంతకం కాగితం కోసం పోయినట్టున్నడు, లేడు. మంచం పక్కన ఒకడు నిలబడ్డడు. తెల్ల అంగి, మెడల గొలుసు. పేషెంటు గోడ దిక్కు తిరిగి ఒక పక్కకు పండిండు. దుప్పటి కింద ఈపు విల్లు లెక్క కనబడుతాంది.

గోపయ్య గా ఈపునే సూస్తుండు. తమ్ముని కోసం వచ్చిండు, గా నడుము తమ్మునిది గాదు. ఎవలిదో ఆయనకు అర్థమైనట్టున్నది, మొకంల నెత్తురు సుక్క లేదు. ఎడమ చెయ్యి గోడకున్న ఆక్సిజన్ పైపు మీద ఉన్నది.

కిందికి సూసిన. కాళ్లకు నీలం రబ్బరు చెప్పులు. వాటి మీద తెల్ల రంగుతోని 'ఐసీయూ'.

"గోపయ్యా," అన్న. "పైపు ఇడిసిపెట్టు."

ఉలిక్కిపడ్డడు. ఇడువలే. "నేను మా తమ్ముని కోసం వచ్చిన," అన్నడు. "లింగస్వామి కోసం."

సంచిలకెల్లి తోలు చెప్పులు తీసి ఆయన కాళ్ల ముంగట ఏసిన. "నీయేనా? తొడుక్కో. కాళ్లకున్నయ్ దవాఖానవి, బిక్షమ్మ మీద పడుతయ్."

చెప్పులు సూసిండు, నన్ను సూసిండు, మళ్ల మంచం దిక్కు సూసిండు. పైపు మీద ఏళ్లు బిగుసుకున్నయ్. ఈయనొక్కడు పోతె ఇంక సాక్షి లేడు, గా ఆలోచన కండ్లల్ల కనబడ్డది. హనుమంతు నా పక్కకెల్లి అడుగేస్తుంటె చెయ్యి అడ్డం పెట్టిన.

"సంపుతె సంపు," అన్న. "గని ముందుగాల ఈయనెవలో ఇను. పొగల నీ తమ్ముడు పడితె నీ ట్యాంకరు ఇడిసిపెట్టి ఉరికింది. ఈ వంగిన మనిషి ఉరకలే. గొంగడి తడిపి నీ తమ్మునికి కప్పి, ఈడ్సుకొచ్చిండు. నీ తమ్ముణ్ణి బతికియ్యాలని సూసినోడు ఈయన ఒక్కడే."

"మరి నా తమ్ముడేడి?"

నేను ఆయన కాళ్లకున్న నీలం చెప్పుల దిక్కు సూసిన. ఆయన నా మొకంలనే వెతుక్కున్నడు. నీలం చెప్పులను సూసుకున్నడు, మీది అంతస్తు దిక్కు సూసిండు. గప్పుడు పైపు మీదికెల్లి చెయ్యి దానంతటదే జారింది. కింద కూసున్నడు. హనుమంతు పోయి రెక్క పట్టుకున్నడు, గని పట్టుకునే పని లేకుండె. మనిషి యాడికి పోయేటట్టు లేడు.

ఎనకకెల్లి నాగులమ్మ గొంతు ఇనబడ్డది. కూసోమంటె కూసోలే, మా ఎంబడే దిగొచ్చింది. ఎవలినీ అడుగలే. మంచం కాడికి వచ్చి, దుప్పటి పక్కకు జరిపి, గా ఈపు మీద చెయ్యి పెట్టింది. మెడ కాడికెల్లి నడుము దాక రాసింది, ఒక్కొక్క బొక్కను గుర్తుపట్టినట్టు.

"వంగిందే," అన్నది. "గిది నా మనిషి నడుమే. ఓ సారూ, సక్కగ గాలే! వంగిందే ఉన్నది!"

నవ్వుతాంది, ఏడుస్తాంది. కట్టు కట్టిన చెయ్యి ఒకటి దుప్పటిలకెల్లి మెల్లగ బయటికొచ్చి ఆమె కొంగును అందుకోనీకె తండ్లాడింది. నేను కండ్లు తుడుసుకున్న, సిగ్గేంది.

హనుమంతు కానిస్టేబుల్‌ను పిలిచి, "మీద నర్సుల గదిల గా పిల్ల ఉన్నది. ఇంటికి పొమ్మను," అన్నడు. నా దిక్కు సూడలే. నేను కూడ ఆయన దిక్కు సూడలే.

గోపయ్య కింద కూసున్నకాన్నే తల ఎత్తిండు.

"అక్కా," అన్నడు. "మొకం కనబడలే అక్కా నాకు. దిండు మెత్తల ఉండె. వాన్ని గట్ల బోర్లా ఎందుకు పండబెట్టిండ్రు?"

"దమ్మాడాలని," అన్న. "బతకాలని పండబెట్టిండ్రు."